మేకల సంతలో నేర్చిన కత్తి బేరం

స్మార్ట్‌ఫోన్ కొత్తగా చేతికొచ్చి, నెల జీతం ఇంకా పూర్తిగా అలవాటు కాని ఆ రోజుల్లో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టకుండా ఉండదు. నాతోటి వాళ్లకు పట్టినవి కాస్త మర్యాదైన పిచ్చులే. ఒకడు బండికి రంగురంగుల లైట్లు పెట్టించుకున్నాడు, ఇంకొకడు వారానికో జత బూట్లు కొన్నాడు. నాకు మాత్రం పాత క్షవరం కత్తులు పోగేసే పిచ్చి పట్టింది. బ్లేడు మార్చుకునే రకం కాదు, పిడిలోకి మడిచిపెట్టే అసలైన కత్తులు. ఏదో దేశంలోని ఒక ముసలాయన గోడ నిండా అలాంటి కత్తులు తగిలించుకుని, ఒక్కొక్కదాన్నీ మనవణ్ణి ఎత్తుకున్నంత ముద్దుగా చేతిలోకి తీసుకుని చూపించే వీడియో ఒకటి నా ఫోన్‌లోకి ఎలాగో వచ్చింది. అంతే, నా పని అయిపోయింది. ఆయన చెప్పే ధరలు రూపాయల్లోకి మార్చి చూస్తే ఒక్కో కత్తి నా నెల జీతం. నేను ఈ పిచ్చికి కేటాయించగలిగింది నెలకు ఏడు వందలు. (అంతకు మించితే అమ్మకు తెలిసిపోతుంది. అమ్మకు తెలిస్తే మా వీధికంతా తెలిసిపోతుంది.)

అప్పట్లో నేను తోటలకు డ్రిప్పు పైపులు వేసే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. అనంతపురంలో ఇల్లు, శింగనమల బస్టాండు పక్కన మా గోడౌను, చుట్టుపక్కల ఊళ్లన్నీ నా బండి తిరిగే దారులు. పైపులు చూడ్డానికి వెళ్లిన ప్రతి ఊళ్లోనూ పని అయిపోయాక "మీ ఇంట్లో పాత గడ్డం కత్తి ఏమన్నా ఉండాదా అన్నా" అని అడిగేవాణ్ణి. చాలామంది నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి లేదనేవాళ్లు. అయినా ఏడాదిలో నాలుగు దొరికాయి. మొదటిది పాతూరులో పాత ఇనుము అంగట్లో దొరికింది, దాంతో ఆ అంగడాయన పురికొస కోసుకుంటున్నాడు. కుందుర్పిలో ఒకావిడ దాంతో గోనెసంచుల కుట్లు విప్పుకుంటోంది. ఆమెకు కొత్త కత్తెర కొనిచ్చి దాన్ని తెచ్చుకున్నాను. నాలుగింటినీ కొబ్బరినూనె రాసి ఒక రేకు పెట్టెలో పెట్టి మంచం కింద దాచాను. అమ్మ ఊడుస్తూ ఒకరోజు ఆ పెట్టె తెరిచింది. "సంబంధం చూసేకి వచ్చినోళ్లు ఇది చూస్తే పిల్లనిస్తారా, పోలీసులకిస్తారా" అంది. ఆ రాత్రి నుంచి నా గది తలుపు బయట గడియ పెట్టి పడుకునేది.

అలా ఉండగా శింగనమల దగ్గరి ఒక ఊళ్లో నాకు ఐదో కత్తి కనబడింది. అక్కడ ఒక పెద్ద చీనీ తోటకు (కోస్తా వాళ్లు బత్తాయి అంటారు) మేము పైపులు వేశాం. తోట యజమానిని నేను చీనీతోట అన్న అనేవాణ్ణి. పని ముగించుకుని వస్తుంటే ఊరి పాలకేంద్రం వరండాలో ఒక చెక్క కుర్చీ, గోడకు ఒక అద్దం, కుర్చీ పక్కన ఒక ముసలాయన కనిపించారు. ఊళ్లో అందరూ ఆయన్ని మెత్తచెయ్యి తాత అంటారు. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కునికిపాట్లు పడుతుంటే తాత ఆ మనిషి నిద్ర చెడకుండా గడ్డం గీస్తున్నాడు. ఆయన చేతిలో ఉన్న కత్తిని చూసి నా బండి దానంతటదే ఆగింది. తేనె రంగు కొమ్ము పిడి. అరిగి అరిగి సన్నబడినా అద్దంలా మెరిసే అలుగు. దాని మీద జర్మనీ అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. వీడియోలో ముసలాయన గోడ మీద కూడా అంత అందమైంది లేదు. మామూలు గడ్డాలకు తాత కూడా అందరిలాగే సగం బ్లేడు పెట్టే కత్తే వాడతాడట. ఈ పాతదాన్ని మాత్రం మొండిపట్టు పట్టే ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లకూ, పెళ్లికొడుకులకూ, పసిపిల్లల పుట్టెంట్రుకలకూ తీస్తాడట. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి తల మీదా మొదట నడిచింది ఆ కత్తేనని, నా వెంట వచ్చిన చీనీతోట అన్న గర్వంగా చెప్పాడు. నాకు మాత్రం అది నా రేకు పెట్టెలో ఐదోదిగా పడుకున్నట్టే కనిపించింది.

వెంటనే మా మామకు ఫోన్ చేశాను. మా మామ మేకల వ్యాపారి. వారం వారం సంతకు పోయి కొనడం, అమ్మడం ఆయన పని. బేరం విషయంలో మా వంశంలో ఆయన మాటకు తిరుగులేదు. "నచ్చిందని మొగంలో కనపడనియ్యొద్దురా. ముందు పళ్లు జూడు. పెదవి ఇరువు. మూడు వంకలు చెప్పు, ఆమీట రేటు అడుగు" అన్నాడు. "మామా, కత్తికి పళ్లుండవు" అన్నాను. "ఉండేటివే చూడ్రా. వంక లేని సరుకు ఉండదు" అని ఫోన్ పెట్టేశాడు. సంతలో అంతే మరి. కొనేవాడు మేక కుంటిదంటాడు, అమ్మేవాడు నీ కండ్లే కుంటివంటాడు, అరగంట తిట్టుకుని ఇద్దరూ కలిసి టీ తాగుతారు. చిన్నప్పటి నుంచి మామ వెంట తిరిగి అదంతా చూసినవాణ్ణి కాబట్టి నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

మర్నాడు పాలకేంద్రం దగ్గరికి వెళ్లి, మెడ మీది వెంట్రుకలు సరిచేయించుకునే నెపంతో కుర్చీలో కూర్చున్నాను. (గడ్డం జోలికి పోనివ్వలేదు. అది ఐదు నెలలు నూనె రాసి పెంచిన గడ్డం. పెళ్లిచూపులకు సిద్ధం చేస్తున్న ఆస్తి.) మాటల్లో కత్తి అడిగి తీసుకుని, రెండు వైపులా తిప్పి, పెదవి విరిచాను. "అంచు పోయినట్లుండాదే తాతా" అన్నాను. ఇది అబద్ధం. "పిడి గూడా వదులైంది" అన్నాను. ఇది ఇంకా పెద్ద అబద్ధం. మూడో వంక కోసం ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అక్కడితో ఆపేసి ఉంటే నా జన్మ బాగుపడేది. కానీ మామ మూడన్నాడు కదా. "నీ చెయ్యి గూడా కొంచెం వణుకుతాంది. ఇంగ దీన్ని ఎవరికన్నా ఇచ్చేస్తే మేలు" అనేశాను. తాత నా చేతిలోంచి కత్తి తీసుకుని, మడిచి, గుడ్డలో చుట్టుకున్నాడు. ఆయన ఎదురు తిట్టి ధర చెబుతాడని నేను కాసేపు కూర్చుని చూశాను. ఆయన నా మెడ మీద పటిక రాసి "లెయ్ సారూ" అన్నాడు.

రెండు రోజుల తర్వాత తాత బస్సెక్కి మా గోడౌనుకు వచ్చాడు. సంచిలోంచి ఆ గుడ్డ మూట తీసి నా బల్ల మీద పెట్టాడు. "తీస్కో సారూ. నాకింగ పని లేదు దీంతో" అన్నాడు. ఎంతివ్వాలని అడిగాను. "దుడ్లు వద్దు" అని, నీళ్లు కూడా తాగకుండా వచ్చిన బస్సులోనే వెళ్లిపోయాడు. ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నాకు ఏ బాధా కలగలేదు. ఎగిరి గంతేసినంత పని చేశాను. మామకు ఫోన్ చేసి చెప్పాను. "ముప్పై ఏండ్లు సంత చేసినా. ఒక్క మేకపిల్ల గూడా నాకు ఊరికే రాలేదు" అన్నాడు, కొంచెం అసూయగానే. రెండు రాత్రులు ఆ కత్తిని తల దగ్గర పెట్టుకుని పడుకున్నాను.

శుక్రవారం పొద్దున చీనీతోట అన్న ఫోన్ చేశాడు. "ఏమప్పా, తాతతో ఏం మాట్లాడినావు నువ్వు" అన్నాడు, నమస్కారం కూడా లేకుండా. "ఏమీ లేదన్నా" అన్నాను. "ఏమీ లేకుంటే పాలకేంద్రం కాడ కుర్చీ యాడికి పోయింది? అద్దం యాడికి పోయింది? నాలుగు దినాలాయ, ఇంట్లోనుంచి బయటికి రాలేదు. ఎల్లుండి మా మనవరాలికి పుట్టెంట్రుకలు తీయల్ల. పోయి పిలిస్తే, చెయ్యి వణుకుతాదంట, చదువుకున్న సారు చూసి చెప్పినాడంట, పసిబిడ్డ తల మీద కత్తి పెట్టనంటాడు. యాభై ఏండ్ల చెయ్యి అది. నీ నోటితో ఒక్కమాట అని ఇంట్లో కూర్చోబెడ్తివి గదప్పా." అప్పుడు తలకెక్కింది నాకు. అన్ని రోజులూ నేను కత్తికి వంక పెట్టానని అనుకుంటున్నాను. తాత మాత్రం ఇంక తను దేనికీ పనికిరానని తేల్చుకున్నాడు. ఆయన మళ్లీ కుర్చీ బయటికి తేకపోతే ఆ పాపం అచ్చంగా నాది.

శనివారం మధ్యాహ్నం కత్తి తీసుకుని తాత ఇంటికి వెళ్లాను. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాడు. కత్తి ముందు పెడితే ముట్టుకోలేదు. "ఇచ్చింది మళ్లా తీసుకోను సారూ" అన్నాడు. నేను ఉన్నదంతా చెప్పేశాను. కత్తి మీద ఆశ, మామ చెప్పిన మూడు వంకలు, సంతలో మేక కుంటిదని అన్నంత మాత్రాన అది నిజంగా కుంటిది అయిపోదన్న సంగతీ. అంతా విని తాత, "మేకకు మాటలు తెలీవు గదప్పా" అన్నాడు. సిగ్గుతో తల వంచుకుంటే ముందు నా గడ్డమే కనబడింది. ఏం ఆలోచించానో తెలియదు, "అయితే ఇప్పుడు ఈ కత్తితోనే నా గడ్డం తియ్యి తాతా. అందరి ముందర" అన్నాను. తాత శనక్కాయలు పక్కన పెట్టాడు. "మొత్తమా" అన్నాడు. "మొత్తం" అన్నాను, ఆ మాట అనేటప్పుడు నా గొంతే వణికింది.

సాయంత్రం పాలు పోసే వేళకు కుర్చీ మళ్లీ వరండాలోకి వచ్చింది. ఊరు ఊరంతా పాలక్యాన్లు పట్టుకుని చుట్టూ నిలబడింది. పాలు పోయడం మాత్రం ఎవరికీ గుర్తు లేదు. తాత కత్తిని తోలుపట్టీ మీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిపి, నా దవడ దగ్గరికి తెచ్చాడు. నిజం చెబుతున్నాను, గాల్లో ఆ చెయ్యి వణుకుతోంది. కళ్లు గట్టిగా మూసుకుని, మా అమ్మ మొక్కే దేవుళ్లందరినీ వరసగా పిలిచాను. అప్పుడు ఆయన చిటికెన వేలు నా చెవి కింద ఆనింది. ఆ వేలు ఆనాక చెయ్యి నిలబడిపోయింది. ఇంక కత్తి నడుస్తున్నట్టే తెలియలేదు, నా ఐదు నెలల ఆస్తి కిందికి రాలుతున్న చప్పుడు తప్ప.

సగం గీశాక తాత కత్తి ఆపి, నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు. పెదవి విరిచాడు. "దవడ వంకర ఉండాదే" అన్నాడు, జనం వైపు చూస్తూ. ఇంకో రెండు గీతలు గీశాక "గదవ కింద గుంత. వెంట్రుకలున్నన్నాళ్లూ దాచిపెట్టినాడు" అన్నాడు. జనం నవ్వడం మొదలుపెట్టారు. "చెవులు గూడా ఒకటి పైన, ఒకటి కింద. సంతకు తోలుకపోతే ఈ మొగానికి ఏమొస్తాదప్పా" అనేసరికి చీనీతోట అన్న క్యాను కింద పెట్టి కడుపు పట్టుకున్నాడు. నేను కూడా నవ్వబోతే "కదలొద్దు. కత్తికి అంచు పోయింది, యాడన్నా తెగుతాది" అన్నాడు తాత, మొహంలో ఏ మార్పూ లేకుండా. మూడు వంకలూ లెక్కపెట్టి మరీ తిరిగిచ్చాడు, వడ్డీతో సహా.

పటిక రాసి, నీళ్లతో తుడిచి, అద్దం చేతికిచ్చాడు. ఒక్క గాటు లేదు. చిన్నపిల్లాడి మొహంలా ఉంది. దవడ మాత్రం నిజంగానే వంకర. "ఇప్పుడు చెప్పు, కత్తి ఎట్లుండాది" అన్నాడు తాత. "ఇట్లాంటిది నేను యాడా చూడలేదు తాతా. మొదటి దినమే కావల్లనిపించింది" అన్నాను. ఆయన కత్తిని తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "ఆ పొద్దు నువ్వు దాన్ని చూసిన చూపులోనే తెల్సె. నోరు తెరిచి అడిగింటే ఇచ్చింటి. నా యెనక దాన్ని బాగా చూసుకునేటోడు దొరికినాడని సంతోషంగా ఇచ్చింటి." ఆ తర్వాత దాన్ని మడిచి తన సంచిలో వేసుకున్నాడు. నేను వద్దనలేదు, ఇవ్వమని అడగనూ లేదు. ఆ రాత్రి చీనీతోట అన్న ఇంట్లోనే పడుకున్నాను. ఆదివారం చీనీతోట అన్న మనవరాలు ఒక్కసారి ఏడ్చి, తాత చేతి కింద హాయిగా నిద్రపోయింది. పలావు పెట్టి పంపించారు నన్ను. అనంతపురంలో తలుపు తీసిన అమ్మ ఎవరు కావాలని అడిగింది.

తాత ఇంకో నాలుగేళ్లు ఆ కుర్చీ పక్కన నిలబడ్డాడు. కత్తి ఇప్పుడు ఆయన చిన్నకొడుకు దగ్గర, అదే ఊళ్లో, అదే పని చేస్తోంది. నా దగ్గర పదకొండు కత్తులున్నాయి, అన్నీ మామూలువే. పోయిన నెల విడపనకల్లు దగ్గర ఒక అవ్వ తన మామగారి కత్తి అటక మీంచి తీయించి చూపించింది. ఐదు వందలంది. నేను చేతిలోకి తీసుకోకముందే "చానా బాగుండాదవ్వా" అన్నాను. "అట్లయితే వెయ్యి" అంది అవ్వ. ఇచ్చి తెచ్చుకున్నాను. ఇప్పుడు నేను కొనేదంతా ఇలా ఎక్కువ ధరకే. దారిలో బండి మీద, ఒకప్పుడు నేనే అయిన ఆ గడ్డపు కుర్రాడు గుర్తొచ్చాడు. మూడో వంక కోసం కత్తిని అటూ ఇటూ తిప్పుతున్న వాడి పక్కన కూర్చుని, "నచ్చిందని చెప్పి అడగరా" అని మెల్లగా చెప్పాలనిపించింది. చెప్పినా వినేవాడు కాదులెండి. నాకంటే తనకే తెలివెక్కువని వాడి నమ్మకం.