నాన్న దిగిపోయిన పడవ

మొన్న బరంపురంలో మా మనవరాలు రెండు కాగితాలు పట్టుకుని నా పక్కన చేరింది. చాప మీద పడుకుని నడుమునూ వెన్నునూ అదుపులోకి తెచ్చుకునే కసరత్తు, పిలాటిస్ అట. అది నేర్పే టీచరు కావాలని దాని కోరిక. ఒకచోట నేర్పేవారే పరీక్ష పెట్టి, కొద్దివారాల్లో పట్టా చేతిలో పెడతారు. ఇంకోచోట వాళ్ళతో ఏ సంబంధమూ లేని బయటి సంస్థ పాఠాలను తనిఖీ చేసి, నేర్చుకున్నవారిని పరీక్షించి, అప్పుడుగాని సరేననదు. "రెండూ పట్టాలే కదా తాతా, తేడా ఏటి?" అని అడిగింది. నాకేమో మా ఊరు మార్కండి సముద్రపుటొడ్డు కళ్ళముందుకొచ్చింది.

మా రోజుల్లో పడవ నడిపే తండేలు కావడమంటే మాటలు కాదు, నాలుగిళ్ళ మగవాళ్ళ ప్రాణాలు ఆ తెడ్డు మీద ఉంటాయి. నాకు పని నేర్పింది మా నాన్నే, ఆయనంతటి తండేలు ఆ తీరంలో లేడని ఇప్పటికీ నా నమ్మకం. కానీ కాకిపిల్ల కాకికి ముద్దు కనుక తండ్రి మాట చెల్లేది కాదు. మా పిల్లల్ని పక్క ఊరు చమఖండి పెద్దలు, వాళ్ళ పిల్లల్ని మావాళ్ళు పడవెక్కి పరీక్షించాల్సిందే.

నా పరీక్షరోజు తెల్లవారుజామున సముద్రం పాలపొంగులా ఉంది. నాన్న ముందు కూర్చున్నాడు, నన్ను చూడ్డానికొచ్చిన చమఖండి తాత నడుమ, నేను తెడ్డు దగ్గర. కెరటాలు దాటి వెళ్ళి, హాయిగా తిరిగొచ్చాం. మెచ్చుకుంటాడనుకుంటే ఆ తాత నాన్న వైపు తిరిగి, "నీ గుంటడు కెరటాన్ని సూడట్లేదురా, నిన్ను సూస్తన్నాడు. నువ్వు దిగిపో" అన్నాడు.

నాన్న దిగాడు. తాతా నేనూ మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాం. మూడో కెరటానికి నేను అలవాటుగా ఆయన కూర్చునే చోటికి చూశాను, అంతలో పడవ అడ్డం తిరిగి సగం నీళ్ళతో నిండిపోయింది. తాత తెడ్డు లాక్కోకపోతే ఏమయ్యేదో. నాన్న భుజం వంచితే నేను తెడ్డు వంచుతున్నానని అంతవరకూ ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ వేసవంతా నాన్న ఆ తాతతో మాట్లాడలేదు. నన్ను మాత్రం వేరే పడవలోకి పంపాడు. మరుసటి ఏడు మళ్ళీ పరీక్షరోజున ఒడ్డుకొచ్చి, నాకు తన మొహం కనబడకుండా సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నేను పడవను ఒడ్డుకు చేర్చేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఇదంతా విన్నాక మనవరాలు మొదటి కాగితం మడిచి పక్కన పెట్టింది. పరాయివాళ్ళ నడుములు దాని చేతుల్లో పెడతారు కదా, ఆ మాత్రం భయం ఉండాలి. ఇప్పుడు పడవలకు ఇంజన్లొచ్చాయి, పక్క ఊరి పెద్దను పిలిచే ఆచారం ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ గుర్తులేదు. ఏం చేసినా బాగుందనేవాళ్ళకు కొదవలేదు. నీకింకా రాలేదని మొహం మీదే చెప్పి, ఏడాది తిరిగాక మళ్ళీ నాకోసమే చమఖండి నుంచి ఇసుకలో నడిచివచ్చిన ఆ ముసలాయనలాంటివాణ్ణి నా మనవరాలికి ఎక్కణ్ణుంచి తేను?