ఊరికే ఇచ్చిన బంగారం

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. అందుకే వీధి వీధంతా ఆమెను టేపు పిన్ని అంటుంది. రైలు స్టేషను వెనక సందులో, మందుల షాపుకీ తాళాలు బాగుచేసేవాడికీ నడుమ ఇరుక్కున్న గది ఆమె దుకాణం. కొత్త బట్టలు కుట్టదు. లావెక్కినవాళ్ళ ప్యాంట్లు వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళవి బిగిస్తుంది. మనిషి నడుముకు నిలకడ లేదన్న సత్యం మీదే ఆ దుకాణం నిలబడింది.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక పిన్ని మిషను పక్కనున్న పాత కంప్యూటరు తెరిచి మరో లోకంలోకి వెళుతుంది. అది దేశదేశాలవాళ్ళు కలిసి ఆడే ఆట. అందరూ రాక్షసులను చంపుతారు. పిన్ని చేపలు పడుతుంది. వాటిని ఆటలోని సంతలో అమ్మి, ఆటలోని బంగారం కూడబెడుతుంది. ఆ బంగారంతో రాజ్యాలేమీ కొనదు. ఊరి ద్వారం దగ్గర కూర్చుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా, చేతిలో పుల్లతో దిగిన ప్రతి కొత్తవాడికీ ఒక సంచి ఇస్తుంది. "చెప్పులు కొనుక్కో తమ్ముడూ. అడవివైపు ఒక్కడివీ పోకు" అంటుంది. వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం ఆమెకు చేతకాని పని. దుకాణంలోనూ అంతే, ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చినవాడికి ఊడిన గుండీ ఊరికే కుట్టి పంపుతుంది.

ఈ ధోరణి ఆట నడిపే కంపెనీవారి యంత్రానికి అంతుబట్టలేదు. ఆటలో బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్ముకునే ముఠాలున్నాయి. వాళ్ళను పట్టడానికే ఆ యంత్రాన్ని పెట్టారు. ఒకేచోట కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు సంచులు పంచుతూ, తిరిగి ఏమీ పుచ్చుకోని ప్రాణి దాని లెక్కలో ముఠాయే. ఒక మధ్యాహ్నం తెర మీద ఎర్రటి పలక వెలిసింది: బంగారం అమ్మినందుకు మీ అకౌంటు మూసేశాం. కింద కొంత కనికరం కూడా ఒలకబోశారు. 'నేను బంగారం అమ్మాను, ఇక అమ్మను' అన్న గడిలో టిక్కు పెడితే, మొదటి తప్పుగా భావించి నెల తర్వాత తెరుస్తారట.

"పెట్టెయ్యవోయ్" అన్నారు భర్త. బస్సు కండక్టరుగా రిటైరైన ఆయన ప్రస్తుతం దుకాణంలో గుండీలు ఏరే పదవిలో ఉన్నారు. "టిక్కే కదా. నా సర్వీసులో ఎన్ని పెట్టానో."

"నేను అమ్మలేదండీ."

"ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళకు తెలీదు."

"అందుకే చెప్పాలి."

చెప్పడానికి చోటు దొరకాలి కదా. ఫిర్యాదు పేజీ నొక్కితే 'మీ ప్రాంతంలో ఈ సదుపాయం లేదు' అని వచ్చింది. డబ్బు కట్టించుకునే పేజీ మాత్రం ఏ ప్రాంతాన్నీ చిన్నచూపు చూడకుండా సలక్షణంగా పనిచేస్తోంది.

అప్పుడు అల్లుడు రంగప్రవేశం చేశాడు. కంప్యూటర్ల కొట్టులో పనిచేస్తాడు గనుక, కుటుంబంలో కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకూ అతనే ఆస్థాన వైద్యుడు.

"ఇదెంత పని అత్తయ్యా. వీపీఎన్ పెడితే మనం వేరే దేశంలో ఉన్నట్టు కనిపిస్తాం. అక్కడ ఫిర్యాదు పేజీ తెరుచుకుంటుంది."

తెరుచుకుంది కూడా. పిన్ని పేరూ పాస్‌వర్డూ కొట్టింది. వెంటనే ఇంకో పలక వచ్చింది: మీరు ఇందాక ఒక దేశంలో ఉన్నారు, ఇప్పుడు సముద్రానికి అవతల ఉన్నారు, ఈ అకౌంటునే ఎవరికో అమ్మేశారని అనుమానిస్తున్నాం. యోగులకు మాత్రమే సాధ్యమైన ఆ ప్రయాణాన్ని యంత్రం మెచ్చుకోలేదు.

అల్లుడు తల గోక్కున్నాడు. "పోనీ కొత్త పేరుతో ఇంకో అకౌంటు తెరుద్దాం. కొంచెం బంగారం కూడా కొనిపెడతాను."

పిన్ని మిషను ఆపింది. "ఎవరి దగ్గర?"

"అమ్మేవాళ్ళున్నారుగా."

కండక్టరు గారు గుండీల డబ్బాలో తల దూర్చారు.

"చెయ్యని పనికి టిక్కు పెట్టను" అంది పిన్ని. "చేసిన పనికి పేరు మార్చుకోను. అమ్మానన్న మాట వాళ్ళే తీసెయ్యాలి."

ఆ ఆటలో సందర్శకులకు ఒక వెసులుబాటు ఉంది. అకౌంటు లేనివాళ్ళు కూడా ద్వారం దాకా రావచ్చు, మాట్లాడవచ్చు. డబ్బు ముట్టుకోకూడదు, లోపలికి పోకూడదు. వారానికోసారి కంపెనీ మనిషి ఒకాయన కాపలాదారు వేషంలో అక్కడికి వచ్చి సందేహాలు తీరుస్తాడు. ఇన్నాళ్ళూ చెప్పులకు సంచులు పంచిన చోటే పిన్ని చెప్పుల్లేకుండా నిలబడింది. మొదటి వారం ఆయన "అది నా చేతిలో లేదమ్మా" అని తప్పుకున్నాడు. తర్వాతి వారం అసలు రాలేదు. ఆ పై వారం పిన్ని ఎవరిదో ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని, కుట్లు విప్పుతూ తెర ముందు కూర్చుంది. బట్ట తెగకుండా కుట్లు విప్పడమే ఆమెకు కూడు పెట్టే విద్య.

కాపలాదారు వచ్చాడు. "మళ్ళీ మీరేనా?"

"ఆ మాట తీసేసేదాకా నేనే."

ఆయన ఆమె చిట్టా తిరగేసినట్టున్నాడు. "ఇంతమందికి ఇంత బంగారం పోయింది. ఎంతకు అమ్మారు?"

"అమ్మలేదు బాబూ. ఇచ్చాను."

"ఎందుకు?"

"వచ్చారు కనుక."

కంపెనీవారి గడుల్లో ఈ జవాబుకు చోటు లేదు.

"మరి రెండు దేశాల సంగతి?"

పిన్ని కుర్చీలోంచి లేచి, వెనకే నిలబడి చూస్తున్న అల్లుణ్ణి కూర్చోబెట్టింది. "నువ్వే చెప్పు నాయనా." అల్లుడు పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన వాడిలా ఒక్కో అక్షరమే కొట్టాడు: నేనే చేశాను సార్. ఆవిడ దుకాణం దాటి కదల్లేదు.

సంచులు అందుకున్నవాళ్ళ అకౌంట్లు కాపలాదారు తెరిచి చూశాడు. అందరూ చెప్పులే కొన్నారు. అసలు డబ్బు పోసి బంగారం కొన్నవాడు కత్తులు కొంటాడు గానీ చెప్పులు కొనడు. ఆ సాయంత్రమే ఎర్ర పలక పోయింది, అమ్మకం అన్న మాటా పోయింది. జప్తు చేసిన బంగారం మాత్రం యంత్రం కడుపులోంచి తిరిగి రాదన్నారు.

"ఇంకొకటమ్మా" అన్నాడు కాపలాదారు. "మీరు మళ్ళీ ఊరికే ఇస్తే యంత్రం మళ్ళీ పట్టుకుంటుంది. అది నా మాట వినదు. ఇవ్వడం మానెయ్యండి."

"అటునుంచి కూడా ఏదైనా వస్తే?"

"అప్పుడది వ్యాపారం. పట్టుకోదు."

"రాయి వచ్చినా?"

కాపలాదారు కంపెనీ నిబంధనలు తిరగేశాడు. "రాయి కూడా సరుకే" అని ఒప్పుకున్నాడు.

పిన్ని మళ్ళీ మొదటి చేప నుంచి మొదలుపెట్టింది. ఒక సంచి నిండిన రోజున ద్వారం దగ్గర చెప్పుల్లేనివాడొకడు దిగాడు.

"ఒక రాయి పెట్టి ఇది తీసుకో తమ్ముడూ."

"నా దగ్గర రాయి కూడా లేదక్కా."

"వాగు పక్కన బోలెడున్నాయి. పోయి ఏరుకురా, నేనిక్కడే ఉంటాను."

వాడు పరుగెత్తాడు. వెనకనుంచి తెరలోకి తొంగిచూస్తున్న కండక్టరు గారు గుండీ ఒకటి పైకి ఎగరేసి పట్టుకున్నారు.

"అయితే టిక్కెట్టు లేనిదే ఎక్కనివ్వవన్నమాట."

"ఇన్నేళ్ళు మీతో కాపురం చేశానుగా" అంది పిన్ని, వాగువైపు చూస్తూ.