పొట్టేలు మెడలో రేడియో

మా మేనత్త ఎల్లక్కకు నోరు పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆమె గొర్రెలను కేకేస్తే మా ఊరు తిరుమణి అంతా వినాల్సిందే. ఆ కేకనూ, మేపుతూ పాడే పాటనూ రేడియో వాళ్లు వచ్చి రికార్డు చేసుకుపోయారు. ఇక అప్పటినుంచి ఆమె కాలు నేలమీద నిలిస్తే ఒట్టు.

"నీ గొంతు రేడియోలోనా? గొర్రె గూడా తలెత్తి సూడదు," అన్నాడు మామ చౌడప్ప. విన్నవాళ్లంతా నవ్వారు. అత్త మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండి, జీతం రాగానే ఒక డిజిటల్ రేడియో కొనిచ్చాను.

చిక్కు అక్కడే మొదలైంది. పాత రేడియో గరగరలోనైనా ఏదో ఒకటి పలికేది. ఇది పలికితే గంటలా పలుకుతుంది, లేదంటే మూగనోము. పగలు నేను పనిచేసే సోలార్ ప్లాంటులో ఇన్వర్టర్లు నడుస్తుంటే వాటి కరెంటు రొద స్టేషన్‌కు అడ్డం పడి, ఇది నోరే విప్పదు. అత్త పాట వేసేదేమో మిట్టమధ్యాహ్నం!

ఎక్కడ పలుకుతుందో చూద్దామని అత్త దాన్ని మందకు ముందు నడిచే పొట్టేలు కొమ్ములోడి మెడ పక్కన కట్టి, ప్యానెళ్ల పక్క బీడులోకి తోలింది. ఒకచోట ఉన్నట్టుండి రేడియో పలికింది! కొమ్ములోడు పక్కకు తిరిగితే ఆగిపోయింది. నాకప్పుడు వెలిగింది. లోపలి యాంటెన్నా కడ్డీ మొన ఇన్వర్టర్ల వైపుంటే ఆ రొద దానికి తగలదు. కొమ్ములోడు ఇన్వర్టర్లకు తోక చూపితే చాలు.

"అత్తా, రేడియో విప్పి బండమీద ఇట్లే పెడదాం."

"యాడ పలికిందో ఆడనే ఉండల్ల. విప్పితే నీ కాళ్లిరగ్గొడతా, గిరీశా!"

పాట వేసే రోజు ఊరు ఊరంతా బీడులోనే ఉంది. నేను కొమ్ములు పట్టుకున్నాను, మామ వెనక కాళ్లు. అత్త కొత్త చీర కట్టుకుని, కాస్త పక్కగా వేపచెట్టు కింద కూర్చుంది. పాట మొదలైంది. ఆమె గొంతే! సంతోషంతో నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇది నీ గొంతని ఎట్ల నమ్మేది? ఇంగెవురో పాడినారు," అన్నాడు మామ, కాళ్లు వదలకుండానే.

అంతలో రేడియోలోంచి కేక. "ఓ... బా బా బా!"

కొమ్ములోడు మమ్మల్నిద్దరినీ ఈడ్చుకుంటూ అత్త దగ్గరికి దౌడు తీశాడు. పక్కకు తిరగ్గానే రేడియో ఆగిపోయింది. కానీ దూరంగా మేస్తున్న మందంతా అప్పటికే ఆ కేక విని, దుమ్ము రేపుకుంటూ వచ్చి మా మీద పడింది.

అత్త నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. "ఇప్పుడు సెప్పప్పా, ఎవురి గొంతు?"

గొర్రెల కిందనుంచి మామ అరిచాడు. "నీదేలే! ముందు వీటిని నా మీంచి తోలు!"