పేర్లు కనబడని రెండు ఫోటోలు

జపాన్‌లోని సకాతా ఊళ్ళో ఎవరు పోయినా అంత్యక్రియల్లో పూలమధ్య పెట్టే ఫోటో, ఫోటోల కొట్టు నడిపే ఫునాకి షిగెహరు దగ్గరే తయారవుతుంది. అంత్యక్రియల మందిరం వాళ్ళు పోయినవాళ్ళ పేరు పెట్టి ఫోటోని సర్వర్లో ఉంచుతారు. ఆయన దించుకుని, ముడతలు కాస్త తగ్గించి, ఫోటోలోనే నల్లకోటు తొడిగి, ఫ్రేము కట్టిస్తాడు.

కొత్త కంప్యూటర్ కొన్నాడని తెలిసి మందిరంలో పనిచేసే చిహాయా ఫోన్ చేసింది.

"ఫునాకి గారూ, మా సర్వర్ పాతదండీ. ఫైళ్ళు దించే ప్రోగ్రాంలో అక్షరాల సెట్టింగు పాత జపనీస్‌కి మార్చుకోవాలి. ఎలాగో చెప్పనా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈ పనిలో ఉన్నానమ్మాయ్. నాకే పాఠాలా!" అని నవ్వి పెట్టేశాడు.

మర్నాడు రెండు ఫోటోలొచ్చాయి. పేర్లుండాల్సిన చోట పిచ్చిగీతలు. ఇద్దరూ ముసలివాళ్ళే, ఇద్దరిదీ బట్టతలే. మళ్ళీ ఫోన్ చేసి అడగడానికి మొహం చెల్లలేదు. ఆ సాయంత్రం జరగబోయే శవజాగారం ఎవరికో ఆయన పడవల మనిషని విన్నాడు. ఎండకి కమిలిన మొహం ఆయనదే అయ్యుంటుందనుకుని పంపేశాడు.

మధ్యాహ్నానికల్లా మందిరం నుంచి కబురొచ్చింది: పూలమధ్య ఉన్నది వేరే మనిషి!

రెండో ఫోటోకి గబగబా ఫ్రేము కట్టించి, క్షమాపణకి తీసుకెళ్ళే మిఠాయి పెట్టె కొని పరుగెత్తాడు. వెనక గుమ్మం దగ్గర మేనేజరు చిహాయాని దులిపేస్తున్నాడు.

"ఫోటోకి సరైన పేరు పెట్టడం కూడా రాదా నీకు?"

ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. మేనేజరు ఫునాకిని చూసి నడుం వంచాడు. "మావాళ్ళ వల్ల మీకు శ్రమ, క్షమించాలి."

నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది. ఒక్క క్షణం మూసుకున్నాడు కూడా. ఆ క్షణమే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

"తప్పు నాదండీ. అమ్మాయి ముందే చెప్పింది, నేనే వినలేదు. పేర్లు కనబడక ఊహించి పంపాను."

లోపల పోయినాయన భార్య ముందు నుదురు చాపకి ఆనించాడు.

"మా ఆయన పడవల ఇంజన్లు బాగుచేసేవారండీ," అందామె మెల్లగా. "ఎప్పుడూ షెడ్డులోనే. ఎండ తగిలేదే కాదు."

మిఠాయి పెట్టె ముట్టుకోలేదు. ఫోటో మాత్రం తీసుకుని తనే పూలమధ్య సర్దుకుంది.

మర్నాడు ఫునాకి పిలిస్తే చిహాయా ఆయన కొట్టుకి వచ్చింది. సెట్టింగులో ఒకచోట నొక్కింది. పేర్లన్నీ చక్కగా తెరమీద నిలబడ్డాయి.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనండీ."

ఆ పిల్ల నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన ప్రాణానికి కాస్త తేలికయ్యేది.