గోడవైపు తిప్పిన కుర్చీ

మా వీధి టీచరమ్మ మొన్న బుధవారం పొద్దున కన్నుమూశారు. తిరుచానూరు దారిలోని ఈ ఇరుకు వీధిలో సగంమందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఈ ఆదివారం ఆమె లేకుండానే ఓటు పెట్టుకోవాలి. 

ఓటంటే పెద్ద ఎన్నికలేం కావు. వీధిలో ఏ పని తలపెట్టినా ముందు అందరినీ అడగాలన్నది ఆమె పట్టు. మనిషికొక గవ్వ, ఒక చింతగింజ ఇచ్చేవారు. పని కావాలంటే గవ్వ, వద్దంటే గింజ. పిడికిలి మూసి మట్టికుండలో చెయ్యి పెట్టి ఒకటి వదలాలి, రెండోది సంచిలో వేసేయాలి. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నీ మాటేమిటని నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు. మొదట అడిగింది ఆమే.

ఆ మొదటిసారి బోరు కోసం. గవ్వ పడితే టంగుమంది, గింజ పడితే టప్పుమంది. ఎవరేమన్నారో వీధంతా విన్నది. సాయంత్రానికి రెండిళ్లవాళ్లకు మాటల్లేవు. మరుసటి వారం ఆమె తన పాత చీర చింపి, కుండ అడుగున మెత్తగా పరిచి, మళ్లీ ఓటు పెట్టించారు. ఎవరి చెయ్యీ తన కంటపడకుండా ప్లాస్టిక్ కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. అప్పటినుంచీ అదే పద్ధతి.

ఈసారి సంగతి వేరు. వీధి వెడల్పు చేస్తామని మున్సిపాలిటీవాళ్లు వచ్చి కొలతలు వేసి ఎర్రగీతలు గీసి పోయారు. ఒక గీత నా టిఫిన్ అంగడి మధ్యలోంచే పోయింది. పూలమ్మేవాళ్ల బల్లలు సరేసరి.

దీనికీ ఓటు పెడతామని టీచరమ్మ చెబితే వాళ్ల ఆఫీసరు నవ్వాడు. "మీరు ఓటేసుకున్నంత మాత్రాన మేం ఆపాలని లేదమ్మా."

"తెలుసు నాయనా. మా మాట యేందో ఇను, ఆపైన నీ ఇష్టం. ఇనకుండా మాత్రం చేయబాక" అన్నారు టీచరమ్మ.

అతను పోయాక, వినకపోతే ఎట్లమ్మా అని నేను ఏడుపుమొహం పెట్టాను.

"ఇనకపోతే పోనీ. మనమేమనుకుంటా ఉండామో మనకన్నా తెలుస్తాది గదా."

"మీరు దేనికేస్తారు?"

"నేను ముందే చెప్తే నా దగ్గర చదివినోళ్లంతా నా యెనకాలే వస్తారు. అది ఓటు గాదు మే, క్లాసు."

బుధవారం నా అంగట్లో ఇడ్లీ తింటూనే గుండె పట్టుకున్నారు. అంబులెన్సు ఇరుకులో పట్టక వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఆమె ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అందులోనే కూర్చోబెట్టి మోసుకెళ్లాం. నా అంగడి మెట్ల దగ్గర సందు చాలక కుర్చీని ఒక పక్కకు వంచాల్సి వచ్చింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేవారా అని అడిగితే డాక్టరు అవుననలేదు, కాదనలేదు.

"టీచరమ్మ కోసమన్నా గవ్వ వేయాల" అంటున్నారు ఎదురింటివాళ్లు. పూలమ్మే అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మేం యాడికి పోవాల మే?" అంది.  అంగడి పోతే నా ఇల్లు ఎట్లా గడుస్తుంది? ఉంటే, రేపు ఇంకొకరిని ఏ సందులోంచి మోస్తాం? రాత్రీ పగలూ ఇదే దిగులు. ఈ దిగులు కూడా ఆమె పెట్టిపోయిందే. ఆమె నా మాట అడక్కపోయి ఉంటే ఎవరినో తిట్టుకుని ఊరుకునేదాన్ని.

కుండ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. చీరముక్కను ఉతకబుద్ధి కాలేదు. ఆదివారం ఆమె చోట ఎవరిని కూర్చోబెడదామని అడుగుతున్నారు. ఎవరూ వద్దన్నాను. ఆ కుర్చీనే వేస్తాను, గోడవైపు తిప్పి. నా పిడికిట్లోంచి ఏది జారిందో ఆమె చూడరు.