వై పెట్టాల్సిన చోట

రియాద్‌లో నేను మొదట చేరిన కంపెనీలో ఫోర్‌మన్ మా పక్క మండలం మనిషే. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. వచ్చిన కొత్తలో సులైలోని పనివాళ్ల క్యాంపులో నాకు మంచం ఇప్పించింది అతనే. జీతం రోజు కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ముందు ఎట్లా నిలబడాలో చెప్పిందీ అతనే. ఆ తర్వాత జరిగింది పరాయివాడు చేసి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. చేసింది అతను కాబట్టి మరవలేదు.

మా పని కొత్త విల్లాల్లో ప్లంబింగ్. మంచినీళ్ల పైపుకి ప్రెషర్ ఉంటుంది, ఎటు తిప్పితే అటు పోతాయి నీళ్లు. డ్రైనేజీ అట్లా కాదు. వెనకనుంచి తోసేది ఏదీ ఉండదు, వాలును నమ్ముకుని దానంతట అది జారిపోవాలి. పడుకున్న పైపులోకి ఇంకో పైపు వచ్చి కలిసేచోట వై పెట్టాలి. ఇంగ్లీషు వై అక్షరంలా అది ఏటవాలుగా కలుస్తుంది. వచ్చే మురికి పోయే దిక్కుకే తిరుగుతుంది. అదే చోట, టీ అక్షరంలా నిటారుగా కలిసే టీ పెడితే, మురికి నేరుగా వచ్చి ఎదుటి గోడకు కొట్టుకుని సగం ముందుకి, సగం వెనక్కి పోతుంది. ఆ వెనక్కి పోయింది అక్కడే పేరుకుంటుంది. కొన్నాళ్లు ఏమీ తెలియదు. ఒకరోజు బాత్రూంలోకి పైకి వస్తుంది.

ఒక పెద్ద విల్లాలో కింది అంతస్తు డ్రైనేజీ వేస్తున్నాం. ఫోర్‌మన్ సంచి తెచ్చి నా ముందు కుమ్మరించాడు. అన్నీ టీలే.

"అన్నా, వైలు కావాలె గదా?"

"దుకాన్ల లేవు. రేపు కాంక్రీటు పోస్తున్నరు. ఇవే పెట్టు."

"తర్వాత బందైతది అన్నా. ఇంకో దుకాన్ల అడుగుదాం."

"నువ్వు ఎప్పటిసంది ఇంజినీరువైనవురా? నీళ్లకు తొవ్వ నువ్వు చెప్పాల్నా?"

నేను కదలకుండా నిలబడ్డాను. అతను నా చేతిలోని సొల్యూషన్ డబ్బా లాక్కుని, తనే బ్రష్ ముంచి, ఒక్కొక్క టీ అతికించాడు. మరునాడు వాటి మీద కాంక్రీటు పోశారు.

ఆ ఇంట్లో దిగిన కొన్ని నెలలకు ఆ ఇంటాయన బంధువులను భోజనానికి పిలిచాడు. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో మగవాళ్లందరూ కూర్చుని ఉండగా, పక్కనున్న అతిథుల బాత్రూంలోంచి మురికినీళ్లు గడప దాటి కార్పెట్ మీదికి వచ్చాయట. ఆయన నేల తవ్వించాడు, టీలు బయటపడ్డాయి. ఒక టీ ముక్కను తెచ్చి మా మేనేజరు టేబుల్ మీద విసిరికొట్టాడు.

అది నితాఖత్ కాలం. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలని లెక్క పెట్టారు. లేని కంపెనీ రెడ్‌లో పడుతుంది, అందులోవాళ్ల అకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూవల్ కావు. మాది రెడ్‌లో ఉంది. ఎవరిని పంపేయాలా అని మేనేజరు ముఖాలు చూస్తున్న రోజులు. ఆ ముక్క టేబుల్ మీద పడగానే నన్నూ ఫోర్‌మన్‌నూ పిలిచాడు.

నాకు అప్పుడు అరబ్బీ రాదు. మేనేజరుకు హిందీ రాదు. ఫోర్‌మన్‌కు రెండూ వచ్చు.

"ఏమైందో చెప్పు తమ్మీ, నేను చెప్త," అన్నాడు మెల్లగా.

చెప్పాను. వైలు అడిగానని, టీలు వద్దన్నానని, అతికించింది తనేనని. అతని ముందే, అతని నోటితోనే చెప్పించాలనుకున్నాను, ఎంత పిచ్చివాణ్ణో. అతను తల ఊపుతూ విన్నాడు. తర్వాత మేనేజరు వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు. నా భుజం మీద చెయ్యి వేసి, జాలిపడుతున్నట్టు. ఆ మాటల్లో నాకు ఒక్కటే చెవికి తగిలింది. "హువ ఘల్తాన్." గలత్ అనే మాట హిందీలోనూ ఉంది కదా. తప్పు ఇతనిది అంటున్నాడు.

"అన్నా, ఏం చెప్పినవ్?"

"నిన్ను కాపాడుతున్న. నువ్వు నోర్ముయ్," అన్నాడు.

మరునాడు దేశం వదిలి పొమ్మనే ఎగ్జిట్ కాగితాల మీద నా పేరు ఉంది. ఆ నెలలోనే నాకు లీవు ఉంది. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ఎగ్జిట్ మీద ఇంటికి పోతే మళ్లీ వీసా కొనాలి, మొదటి వీసా అప్పే ఇంకా తీరలేదు. రెడ్ కంపెనీవాళ్లు కఫీల్ సంతకం లేకుండా వేరే కంపెనీకి మారవచ్చని తెలిసి, క్యాంపు వదిలి, సులైలోనే ఒక వర్క్‌షాపు వెనక మా ఊరి మిత్రుడి గదిలో నేల మీద పడుకున్నాను. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకునేవాణ్ణి. చివరకు ఖఫ్జీలో, ఆయిల్ ఫీల్డ్ వాళ్ల క్వార్టర్లు చూసే ఒక మెయింటెనెన్స్ కంపెనీ తీసుకుంది. కొత్త కంపెనీ, లీవు వెంటనే ఎవరిస్తారు? నేను ఇంటికి పోయేసరికి నా బిడ్డ నడుస్తోంది. నన్ను చూసి వాళ్లమ్మ కొంగు వెనక దాక్కుంది. ఎత్తుకుంటే ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేను తలుచుకున్నది ఫోర్‌మన్ ముఖాన్ని.

ఖఫ్జీకి తిరిగొచ్చి అరబ్బీ నేర్చుకున్నాను. ఫిట్టింగుల దుకాణంలో ఒక యెమెనీ ముసలాయన ఉండేవాడు. సామాను కోసం పోయినప్పుడల్లా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఎల్బో చూపించి ఒక మాట, ట్రాప్ చూపించి ఒక మాట అడిగేవాణ్ణి. "ఎందుకింత పట్టుదల?" అని నవ్వేవాడు. "ఒకడితో మాట్లాడేది ఉంది," అనేవాణ్ణి. నిజంగానే మంచంలో పడుకుని ఆ గదిని, ఆ టేబుల్‌ను, ఆ మేనేజరును తలుచుకుని నా మాటలను అరబ్బీలో మళ్లీ మళ్లీ చెప్పుకునేవాణ్ణి. ప్రతిసారీ ఫోర్‌మన్ తలవంచేవాడు.

కొన్నేళ్లకు నన్ను డ్రైనేజీ పని చెక్ చేసే పనిలో పెట్టారు. సబ్ కాంట్రాక్టర్లు వేసిన పైపులు నేను చూసి సరే అంటేనే ఇంజినీరు సంతకం పెట్టేవాడు. ఆలోగా లెవీలు వచ్చాయి. ఒక్కొక్క పనివాడి మీదా కంపెనీ సర్కారుకు డబ్బు కట్టాలి, కుటుంబాల మీదా కట్టాలి. చిన్న కంపెనీలు పనివాళ్లను పంపేసి, మిగిలినవాళ్లతో ఏ ఊళ్లో పని దొరికితే ఆ ఊరికి పోతున్నాయి.

అట్లాంటి ఒక కంపెనీ మా క్వార్టర్లలో బాత్రూంలు కొత్తగా కట్టే పనికి వచ్చింది. చూడటానికి పోయాను. గుంతలో మా పాత ఫోర్‌మన్ మోకాలి మీద కూర్చుని పైపు కొలుస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేచాడు.

"తమ్మీ! నువ్వా? దేవుడు నిన్నే పంపిండు."

గుంతలోకి చూశాను. పడుకున్న పైపుల మీద టీలు.

నా గుండె ఎంత సంతోషంతో కొట్టుకుందో చెప్పలేను. ఇన్నేళ్లు తిరిగి, ఇదే మనిషి, ఇదే తప్పు, నా కాళ్ల ముందు.

సౌదీ ఇంజినీరును పిలుచుకొచ్చాను. అరబ్బీలో, తొందరపడకుండా, టీలో నీళ్లు ఎట్లా పోతాయో, వైలో ఎట్లా పోతాయో నేల మీద గీసి చూపించాను. ఫోర్‌మన్ నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. నాకు అరబ్బీ వస్తుందని అతను అనుకోలేదు. ఇంజినీరు అతని వైపు తిరిగి, "ఎవరు పెట్టారు ఇవి?" అని అడిగాడు.

ఫోర్‌మన్ చెయ్యి లేచింది. గోడ దగ్గర సిమెంటు కలుపుతున్న నడివయసు బంగ్లాదేశీ మేస్త్రీ వైపు చూపించింది. అతనికి ఏమీ అర్థం కాక పార పట్టుకుని నవ్వాడు.

"కాదు," అన్నాను ఇంజినీరుతో. "ఆయన సిమెంటు పనివాడు. పైపు ముట్టడు. పైపులు పెట్టింది ఈయన. ఇదే పని రియాద్‌లో చేసినప్పుడు పక్కన నేనున్నాను."

ఇంజినీరు ఒక్క మాటే అన్నాడు, అన్నీ పగలగొట్టి మళ్లీ వేయమని.

అతని దగ్గర మనుషులు లేరు, లెవీ భయానికి కంపెనీ సగంమందిని పంపేసింది. తనే సుత్తి పట్టుకున్నాడు. అతను ఎండలో ఉంటే నేను నీడకు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాకు వేరే పని లేకనా? ఉంది. అయినా కూర్చున్నాను.

వైలు తెచ్చాడు. రసమట్టం పెట్టి వాలు చూశాను. ఒకచోట కాస్త తక్కువుంది. ఇంకొకడైతే కింద చిన్న రాయి పెట్టి ఎత్తమనేవాణ్ణి. అతనితో కోయించాను. నిలువు పైపు కిందికి దిగి మలుపు తిరిగేచోట ఒకే పెద్ద ఎల్బో పెట్టాడు. తీయించి, రెండు సగం మలుపు ఎల్బోలు పెట్టించాను. శుభ్రం చేసే మూత గోడవైపు తిరిగి ఉంటే, "చెయ్యి ఎట్లా పెడతావ్?" అని అరబ్బీలోనే అడిగి దాన్నీ కోయించాను. అన్నీ సరైన కారణాలే. సరైన కారణాలు అంత తియ్యగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడో కోతకు అతను రంపం కింద పడేసి గుంతలోంచి నా వైపు చూశాడు.

"పగ పట్టినవా తమ్మీ?"

అప్పుడు మొదటిసారి తెలుగులో మాట్లాడాను. "పట్టిన."

"అప్పుడు నన్ను పంపేస్తుండె. ఇంట్ల ముగ్గురు పిల్లలు నాకు. ఏం జేయాలె?"

"నా బిడ్డ నన్ను చూసి భయపడ్డది. నేనేం జేయాలె?"

అతను రంపం అందుకున్నాడు. మళ్లీ వంగి కోయడం మొదలుపెట్టాడు. పైపును నీళ్లతో నింపి పరీక్ష చేసినప్పుడు ఒక్క చుక్క కూడా కారలేదు. పని బాగుందని ఇంజినీరు నన్ను మెచ్చుకున్నాడు.

పగలగొట్టి మళ్లీ వేసిన ఆ నష్టంతో అతని కంపెనీ మిగతా పని వదులుకుంది. అతని అకామా రెన్యూవల్ చేయలేదు, ఎగ్జిట్ మీద పంపేశారు. పోయే ముందు నా గది తలుపు దాకా వచ్చాడని నా పక్క మంచం అతను చెప్పాడు. నేను లోపలే ఉన్నాను, లేడని చెప్పమన్నాను. బంగ్లాదేశీ మేస్త్రీ ఇక్కడే ఉండిపోతానంటే మా కంపెనీలో మాట్లాడి పెట్టించాను. ఆ పనిని కూడా సగం ఫోర్‌మన్ మీది కోపంతోనే చేశాను.

పోయినసారి లీవులో మా ఊరి బస్టాండులో అతను కనిపించాడు. సంచి పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి సగం ఎత్తాడు. నా బిడ్డ నా వేలు పట్టుకుని ఉంది.

"ఎవరు నాయనా?" అని అడిగింది.

"తెల్వదు బిడ్డా," అని బస్సెక్కాను.