రెండో పిడికెడు

బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా ముందు ఎండు వేపాకు వాసన వస్తుంది, దాని వెనక తవుడు వాసన, ఆ రెండింటి అడుగున నాకు మాత్రమే తగిలే మూడో వాసన ఒకటి, ఉడుకుతున్న బెల్లం పాకానిది. ఆ డబ్బాలో నేను బెల్లం ఎప్పుడూ పెట్టలేదు. వంటకు తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు పక్కనున్న మట్టి చట్టిలో వేస్తాను, తర్వాత ఇంకో పిడికెడు. మా కోడలు చూసి నవ్వుతుంది. "అత్తా, సర్చిలో ఇప్పుడు బియ్యం ఎవురు తీసుకుంటారు? కవర్లో దుడ్లు పెట్టి ఇస్తా ఉండాము గదా. అది సాలదని రెండు పిడికిళ్ళా?" అంటుంది. మొదటిది దేవుడిదని ఆ పిల్లకు తెలుసు. రెండోది ఎవరిదో చెప్పాలంటే నా తొమ్మిదో ఏటికి వెళ్ళాలి.

మా ఊరు చిత్తూరు నుంచి ఐరాల పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది. చుట్టూ చెరకు తోటలు. చలి మొదలైతే చాలు, గానుగలు ఆడేవి, చెరకు పిప్పి కుప్పలు ఇళ్ళకన్నా ఎత్తు లేచేవి, పొగ మంచులో కలిసిపోయి ఊరంతా తీపి వాసన పట్టేది. మా నాయన బెల్లం పొయ్యి దగ్గర పాకం చూసే మనిషి. పెద్ద పెనంలో రసం నురుగు కట్టి, ఎర్రబడి, బుడగలు చిన్నవైనప్పుడు, వేళ్ళు చన్నీళ్ళలో ముంచి అంతే వేగంగా పాకంలో ముంచి తీసి ఉండ చుట్టి చూసేవాడు. ఆ ఉండ మాకు దక్కేది. చెరకాకు మీద పెట్టుకుని ఊదుకుంటూ తింటే నాలుక కాలేది, అయినా ఆగేవాళ్ళం కాదు. క్రిస్మస్ నెలలో ఆ కొత్త బెల్లంతోనే అత్తిరసాలు, మురుకులతో పాటు వెదురు బద్దల నక్షత్రాలు, రంగు కాయితాలు, మైదా బంక. రేకుల కప్పు గుడిలో ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద, మగవాళ్ళు ఒక పక్క. సంఘపెద్ద ఇశ్రాయేలు తాత ఎండైనా వానైనా గొడుగుతోనే వచ్చి, ప్రార్థన పొడుగైతే ఆ గొడుగు మీదే గడ్డం ఆనించి కునికేవాడు.

మా ఇళ్ళలో తినేది ఎక్కువగా రాగి సంగటే. బియ్యం తక్కువ. ఉన్న ఆ కాసిన్ని బియ్యంలోంచే, ఎసట్లో పోసేముందు, ప్రతి ఇంటి ఆడమనిషీ ఒక పిడికెడు తీసి దేవుని చట్టిలో వేసేది. ఆదివారం ఆ చట్టి మోసుకుపోయి గుడిలో బల్ల ముందు కుమ్మరించేవాళ్ళు. ఆ బియ్యంతోనే పాస్టరు అయ్యగారి కుటుంబం, వచ్చేపోయే బీదవాళ్ళు తినేవారు. పిడికెడు తీయకుండా ఎసరు పెట్టిన రోజు మా అమ్మకు అన్నం సయించేది కాదు. "ముందు ఇచ్చి, మిగిలింది తినాల. మిగిలింది ఇస్తే అది దానం గాదు, ఊడ్సి పారబోసేది" అనేది.

ఆ ఏడాది క్రిస్మస్ ముందు సముద్రం అవతల సింహళంలో పెద్ద తుఫాను వచ్చింది. అయ్యగారు గుడిలో ఒక ఉత్తరం చదివారు. తీరం వెంబడి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయనీ, అమ్మానాయనలు పోయిన ఆరుగురు పిల్లల్ని మన వైపు పంపుతున్నారనీ, వాళ్ళకోసం చిత్తూరులో కడుతున్న బోర్డింగుకు పైకప్పు పడేదాకా మన సంఘమే ఇళ్ళలో పెట్టుకోవాలనీ. మా అమ్మానాయనలకు నేనొక్కదాన్నే. తోడు కావాలని అప్పటికి ఎన్నేళ్ళుగానో ప్రార్థన చేస్తున్నాను. సముద్రం పొంగింది నా ప్రార్థన వల్ల కాదు కదా అని ఆ రోజంతా భయపడి, ఆ మరునాటి నుంచి ఆశ పడటం మొదలుపెట్టాను.

క్రిస్మస్ పోయిన మూడో వారంలో వచ్చారు. అయ్యగారు మద్రాసు నుంచి రేణిగుంట దాకా రైల్లో, అక్కడినుంచి బస్సులో తోడుకొచ్చారు. ఊరంతా రోడ్డు మీదే. పలక డప్పులు, బంతిపూల దండలు, చెరకాకుల పందిరి. బస్సు దిగిన ఆరుగురూ పలకల మోతకు ఒకరికొకరు అతుక్కుపోయారు. పదకొండేళ్ళ పిల్ల ఒకతె, అయిదేళ్ళ పిల్లవాడి చేతిని తన రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మా అమ్మ పుట్టిల్లు గుడియాత్తం పక్కన, తమిళం ఆమెకు ఇంటిమాటే. పలకలవాళ్ళను ఆపించి, దగ్గరికి పోయి పేర్లు అడిగింది. ఆ పిల్ల తవమణి. వాడు రాసు, తమ్ముడు.

ఏ బిడ్డ ఏ ఇంటికి అన్న మాట వచ్చేసరికి పెద్దలు ఎవరి ఇష్టానికీ వదల్లేదు. బైబిల్లో ఆది సంఘం వాళ్ళు కూడా మనిషిని ఎన్నుకోవాల్సి వస్తే ప్రార్థించి చీట్లే వేశారు కదా, మనమూ అట్లే చేద్దామన్నారు. ఒక ఇంట్లో ఇద్దరిని సాకే స్తోమతు ఎవరికీ లేదు కాబట్టి, ఒక ఇంటికి ఒక బిడ్డ. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఇశ్రాయేలు తాత నన్నే రాయమన్నాడు. ఆరు కాయితాలు, ఆరు పేర్లు. తవమణి వచ్చి నా పక్కన కూర్చుని, బడిలో పరీక్ష చూసినట్టు నా చెయ్యినే చూస్తూ ఉంది. అదేం రాతో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. అన్నీ నేనే మడిచాను. అందరూ మోకరించారు, బిడ్డను పెట్టుకుంటామన్న ఆరిళ్ళ పెద్దలు ఒక్కొక్కరే వచ్చి తీశారు. మా నాయన తీసిన చీటీలో తవమణి పేరుంది. నేను గుళ్ళోనే ఎగిరి గంతేశాను. రాసు పేరు, ఐరాల పక్క పల్లె నుంచి వచ్చే వడ్రంగి దేవదానం తీసిన చీటీలో వచ్చింది. ఆయనకూ సారమ్మకూ పిల్లలు లేరు. ఆమె ఆ చీటీని కళ్ళకద్దుకుంది. అక్కాతమ్ముళ్ళు వేర్వేరు ఇళ్ళకు పోతున్నారని అందరూ చూశారు. దేవుని చిత్తం అనుకుని అందరూ ఊరుకున్నారు.

ఆ తర్వాతి రోజులు నాకు పండగే. తవమణికి నా పావడాలు పొట్టివైతే అమ్మ అంచు వేసి కుట్టింది. రాగి పిండి చూసి ఆ పిల్ల "కురక్కన్!" అని మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది. వాళ్ళ ఊళ్ళో దాంతో పిట్టు చేస్తారట. అమ్మ ఆ రోజే కొబ్బరి తురిమి పిట్టు చేసిపెట్టింది. అచ్చనగిల్లల్లో అయిదు రాళ్ళూ ఒక్క ఎగురులో పట్టి నన్ను ఓడించేది. గానుగ దగ్గర మా నాయన చేతి ఉండ కోసం ఇద్దరం నిలబడేవాళ్ళం. గాలి లేచి చెరకు తోట మొత్తం హోరుమన్నప్పుడు మాత్రం అట్లే ఆగిపోయి, "సముద్రం ఈడికి ఎంత దూరం?" అని అడిగేది. "తడ దాకా పోవాల తల్లీ, బస్సెక్కితే ఒక పూట పడతాది. అది రాదు, మనం పోతే తప్ప" అనేవాడు నాయన. ఆ పిల్ల తినడం మాత్రం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. నీళ్ళు పడలేదేమో అనుకున్నాం.

దేవదానం వాళ్ళు దూరం కాబట్టి, నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చే ఆదివారమే గుడికి వచ్చేవాళ్ళు. ఆ ఆదివారం రాసు గుడి గుమ్మంలో అక్కను చూసి పరిగెత్తుకొచ్చి ఆమె ఒళ్ళో ఎక్కి, ఆరాధన అయ్యేదాకా దిగలేదు. పోయే వేళ ఆమె పావడా అంచు పట్టుకున్నాడు. దేవదానం ఒక్కో వేలూ విడిపించి ఎత్తుకోవాల్సి వచ్చింది, ఆయన కళ్ళలోనూ నీళ్ళే. తవమణి ఏడవలేదు. వాళ్ళ సైకిలు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికొచ్చి, అన్నం వద్దంది.

మరునాడు అమ్మ బియ్యం జాడీ పక్కకు జరిపితే, గోడ మూలన ఒక కొబ్బరి చిప్ప. నిండా బియ్యం, పైన ఆకు మూత. అమ్మ తవమణిని పిలిచి తమిళంలో మెల్లగా అడిగింది. ఆ పిల్ల దొంగతనం పట్టుబడినట్టు చెప్పింది. రోజూ తను తక్కువ తిని, ఆ వంతు బియ్యం ముందే తీసిపెడుతోంది. చట్టిలో వేసింది దేవుడికి చేరుతుందని మీరే చెప్పారు కదా. ఈ చిప్పలో వేసింది తమ్ముడికి చేరుతుంది.

అమ్మ ఆ చిప్పను ఆకు మూతతో సహా కొంగులో కట్టుకుంది. లేచి నేరుగా అయ్యగారింటికి పోయింది.

తర్వాతి ఆదివారానికి దేవదానం వాళ్ళకూ కబురు పోయింది. ఆరాధన అయ్యాక, ఆడవాళ్ళ చాపల వైపు నుంచి మా అమ్మ లేచి నిలబడింది. సంఘంలో ఆడమనిషి అట్లా లేవడం నేను చూడటం అదే మొదటిసారి. అక్కాతమ్ముళ్ళకు మళ్ళీ చీట్లు వేయమంది.

ఇశ్రాయేలు తాత గొడుగు నేలకేసి కొట్టాడు. "చీటీ తిరగదోడితే దేవుని మాట తిరగదోడినట్టే మే!"

"చీటీ తీయించింది దేవుడే తాతా. ఆయన మీద నాకేమీ తకరారు లేదు. చీటీలు రాసింది మాత్రం మనం. ఒగ కడుపున పుట్టినోళ్ళను రెండు కాయితాల్లో రాసింది మనం. ఇద్దురి పేర్లూ ఒగే దాంట్లో రాసి ఆయన్ని అడిగి సూడండి."

"అడిగితిమే అనుకో. ఇద్దుర్ని సాకేదానికి యాడుండాయి గింజలు? మీ ఇంట్లో ఉండాయా? దేవదానం ఇంట్లో ఉండాయా?"

అమ్మ కొబ్బరి చిప్ప తీసుకుపోయి బల్ల మీద పెట్టింది. "దోవ ఈ బిడ్డే సూపించింది. మనమంతా దేవుడికి ఒగ పిడికెడు తీస్తా ఉండాము. ఈ బిడ్డ, తన కడుపు మాడ్సుకోని, తమ్ముడికి రెండోది తీసింది. ఇంటికి ఇంకో పిడికెడు తీస్తే ఇద్దురు బిడ్డలు బతకరా?"

తాత ముక్కు మీది అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "రాయి మే సుగుణా" అన్నాడు నన్ను చూసి. "నీ అక్షరాలు బాగుండాయి. మా బుద్ధే బాగలేకపాయ."

రెండే చీట్లు. ఒకదాంట్లో రెండు పేర్లు, ఇంకొకటి ఖాళీ. ఖాళీది వచ్చిన ఇంటికి ఇద్దరిలో ఎవరూ రారు. సారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నేను రాశాను, మడిచాను, మడుస్తూ మడుస్తూ పేర్లున్న చీటీ మూల ఒకటి గోటితో వంచాను. అందరూ ప్రార్థనకు కళ్ళు మూసుకున్నప్పుడు అమ్మ చెవిలో చెప్పాను. "అమ్మా, మూల వంగిందే తియ్యి." అమ్మ కళ్ళు తెరవలేదు.

ముందు తీయమని అమ్మనే పిలిచారు. పళ్ళెం ముందు ఆగింది. మూల వంగిన చీటీ ఆమె వైపే ఉంది, నాకు కూర్చున్నచోటికే కనబడుతోంది. అమ్మ చెయ్యి దాని మీదుగా పోయి, అవతలి చీటీ తీసింది. విప్పి, అందరికీ చూపించింది. ఖాళీ.

సారమ్మ ఏడుస్తూ వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, ఈ బిడ్డ నీ బిడ్డే. వారం వారం తోడుకొస్తా. నా మీద ఒట్టు." అమ్మ తవమణి జడ విప్పి, గట్టిగా మళ్ళీ అల్లి, పంపింది. ఇంటికి నడుస్తూ చెరకు తోట దాటాం. తర్వాత, నా వైపు చూడకుండానే, "ఇంకో తూరి చీటీ మడిస్తే నాలుగు మూలలూ ఒగటిగా మడిసేది నేర్సుకో" అంది. అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

సారమ్మ ఒట్టు నిలబెట్టుకుంది. నెలకొకసారి వచ్చేవాళ్ళు ప్రతి ఆదివారం వచ్చారు, సైకిలు బారు మీద రాసు, వెనక క్యారియరు మీద తవమణి, ఆ వెనక కిందనే నడుస్తూ సారమ్మ. గుడి ముందు రెండు గంపలు పెట్టారు. ఒకదాంట్లో మొదటి పిడికిళ్ళు, ఒకదాంట్లో రెండోవి. రెండోది ఏ వారమూ వెలితిగా పోలేదు, కొన్నిసార్లు మొదటిదానికన్నా ఎత్తుగా ఉండేది, అయ్యగారు అది చూసి స్తోత్రం చెప్పేవారు. బోర్డింగుకు పైకప్పు పడ్డాక మిగిలిన పిల్లలు అక్కడికి పోయారు. ఈ ఇద్దరినీ మాత్రం దేవదానం వదల్లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో గానుగ ఒక్కటీ లేదు. చెరకు పోయి మామిడి తోటలొచ్చాయి. గుడికి స్లాబు పడింది, చాపలు పోయి కుర్చీలొచ్చాయి. ఇశ్రాయేలు తాత, నాయన, దేవదానం, సారమ్మ, చివరికి అమ్మ, అందరూ ప్రభువు దగ్గరికి పోయారు. దేవుని చిత్తమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు వాక్యం కంటే ముందు, వంగిన మూలను దాటి పోయిన ఒక చెయ్యి గుర్తుకొస్తుంది.

చట్టి నిండినప్పుడల్లా దేవుడి పాలు గుడికిచ్చి, రెండో పాలు సంచిలో పోసుకుని ఐరాల బస్సెక్కుతాను. పోయిన నెలా పోయాను. తవమణి బడిపంతులమ్మగా చేసి రిటైరైంది, రాసు దేవదానం వడ్రంగి కొట్టే నడుపుతున్నాడు. ఆమె నా బియ్యమే వండి, వార్చి, మాకు వడ్డించకముందే అన్నం హస్తంతో మొదటి గరిటెడు ఒక గిన్నెలోకి తీసి మూత పెట్టింది.

"మనవడు పుట్టిన తమ్ముడికి ఇంకా తీసిపెట్టేదేంది మే?" అన్నాను.

"నీ సట్టి ఇంకా నిండతా ఉండాది గదా" అంది.

ఆ రోజెందుకో, యాభై ఏళ్ళకు దగ్గరగా మోసినదాన్ని, నేను మూల వంచిన సంగతీ అమ్మ దాన్ని దాటి అవతలిది తీసిన సంగతీ చెప్పేశాను. తవమణి హస్తం అన్నంలో గుచ్చి నా వైపు తిరిగింది. నవ్వింది, కళ్ళలో నీళ్ళతో. "మీ ఇంటికి ఖాళీ సీటీ దానంతటదే వచ్చిందని ఇన్నేండ్లూ అనుకుంటి. నన్ను ఉంచుకోవాలని అంత ఆశ పడితివా మే, దేవుని పళ్ళెంలోనే దొంగతనం చేసేంత?"

వాకిట్లో సైకిలు ఆగింది. తలమీద రంపపు పొట్టుతో రాసు లోపలికొచ్చి, "అక్కా, నాకేమన్నా మిగిలుండాదా?" అన్నాడు.

"మిగిలింది గాదు" అంది తవమణి, గిన్నె మూత తీస్తూ.